రూపాయి బిళ్ళ పడకుండా



మొన్న కనుమ రోజు పొద్దున్నే మా మేనల్లుడు డల్లాస్ నుంచి ఫోన్ చేశాడు. పండగ పలకరింపులు అయ్యాక గొంతు తగ్గించి, "మావయ్యా, ఒక సంగతి అడగాలి, అమ్మకు మాత్రం చెప్పకు" అన్నాడు. వాడక్కడ ఒక గ్యాస్ స్టేషన్‌లో భాగస్తుడు. అంటే మన పెట్రోలు బంకు లాంటిదే, దానికి ఆనుకుని ఒక చిన్న సరుకుల కొట్టు కూడా ఉంటుంది. రాత్రి పదకొండింటి దాకా కౌంటర్‌లో కూర్చునేది తనే. వాళ్ళ కొట్టుకు రెండు మైళ్ళ దూరంలో ఇంకో కొట్టులోకి ఆ వారం దొంగలు చొరబడి, తుపాకీ చూపించి గల్లాపెట్టె ఊడ్చుకుపోయారట.

"నాక్కూడా ఒకటి ఉండాలి మావయ్యా. గ్లాక్ 19 కొనమంటావా, సిగ్ పి365 కొనమంటావా? 9 ఎంఎం సరిపోతుందా, .45 కావాలా?" ఇదీ వాడి ప్రశ్న. గ్లాక్, సిగ్ అన్నవి పిస్టళ్ళ పేర్లు, ఆ తర్వాతి అంకెలు తూటా కొలతలు.

నేను జవాబు చెప్పలేదు. "ఇప్పటిదాకా ఎన్ని రౌండ్లు కాల్చావురా?" అని అడిగాను. ఒకసారి స్నేహితుడితో రేంజికి వెళ్ళి ఒక పెట్టె కాల్చాడట. పెట్టెకు యాభై రౌండ్లు. అంతే.

నేను సాయుధ రిజర్వులో, మనవాళ్ళు ఏఆర్ అంటారు, అందులో పనిచేసి రిటైరయినవాణ్ణి. సర్వీసులో ఎక్కువ కాలం ఫైరింగ్ రేంజిలోనే, కొత్తగా చేరిన కుర్రాళ్ళకు పిస్టల్ పట్టుకోవడం నేర్పుతూ గడిచింది. నన్ను ఎవరు కలిసినా మా మేనల్లుడు అడిగిందే అడుగుతారు. ఏ తుపాకీ మంచిది? ఎన్ని సంవత్సరాలు నేర్చుకోవాలి అని ఒక్కరూ అడగరు. ఈవేళ నేను మాట్లాడబోయేది ఆ అడగని ప్రశ్న గురించి.

ముందుగా రేంజిలో జరిగే ఒక చిన్న పని చెబుతాను. తుపాకీ జీవితంలో ముట్టుకోని వాళ్ళకు కూడా ఇది అర్థమవుతుంది. కొత్త బ్యాచి వచ్చాక మొదటి వారం తూటా ముట్టుకోనివ్వం. ఖాళీ పిస్టల్ ఇస్తాం. మా వాళ్ళ దగ్గర ఉండేది ఇక్కడి ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో తయారైన 9 ఎంఎం పిస్టల్, మ్యాగజైన్‌లో పదమూడు రౌండ్లు పడతాయి. మ్యాగజైన్ తీసి, ఛాంబర్, అంటే తూటా పేలే గూడు, ఖాళీగా ఉందో లేదో కంటితో చూసి, వేలితో తడిమి, పక్కవాడి చేత కూడా చూపించి, అప్పుడు గోడ మీద చుక్కకు గురిపెట్టమంటాం. ఆ పిస్టల్ మీద, ముందు గురి దగ్గర, ఒక రూపాయి బిళ్ళ పెడతాను. ఇప్పుడు ట్రిగ్గర్ నొక్కు అంటాను. టిక్ అని చప్పుడు రావాలి, బిళ్ళ మాత్రం ఉన్నచోటే ఉండాలి.

మొదటి రోజు ముప్పై మంది వరసగా నిలబడి నొక్కితే, సిమెంటు గచ్చు మీద ముప్పై బిళ్ళలూ ఠంగు ఠంగుమని పడేవి. ఏపుగా పెరిగిన కుర్రాళ్ళు, కబడ్డీ ఆడే చేతులు, బస్తాలు ఎత్తే చేతులు. అయినా రూపాయి బిళ్ళను నిలబెట్టలేకపోయేవాళ్ళు. ఎందుకంటే అది బలంతో అయ్యే పని కాదు. మిగతా నాలుగు వేళ్ళూ, మణికట్టూ, భుజమూ కదలకుండా ఒక్క చూపుడువేలి కొన మాత్రమే వెనక్కి రావాలి. మన చెయ్యి పుట్టుకతో అలా పనిచెయ్యదు. ఒక వేలు ముడిస్తే మిగతావి కూడా ముడుచుకోవడం దాని స్వభావం. ఆ స్వభావాన్ని మాన్పించడానికి నెలలు పడుతుంది, మానేశాక మళ్ళీ రాకుండా చూసుకోవడానికి జీవితాంతం పడుతుంది.

బిళ్ళ పడితే పోయేదేముంది అనుకోవచ్చు. పిస్టల్ మీద వెనక గురికీ ముందు గురికీ మధ్య దూరం చిన్న తుపాకుల్లో దాదాపు పది సెంటీమీటర్లు. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో ముందు గురి ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగిందనుకోండి. ఏడు మీటర్ల దూరంలో, అంటే ఒక పెద్ద హాలు ఈ గోడ నుంచి ఆ గోడకు, తూటా ఏడు సెంటీమీటర్లు పక్కకు పోతుంది. రెండు మిల్లీమీటర్లు జరిగితే పద్నాలుగు. ఇది గోరు మందం చేసే మాయ. గురుల మధ్య దూరాన్ని బట్టి అంకె కాస్త మారుతుంది గానీ, ఈ సూత్రం గ్లాక్‌కూ ఒకటే, సిగ్‌కూ ఒకటే, వంద సంవత్సరాల కిందటి రివాల్వర్‌కూ ఒకటే.

2014 జనవరిలో మన దేశంలో ఒక రివాల్వర్ విడుదలైంది, చాలామందికి గుర్తుండే ఉంటుంది. పేరు నిర్భీక్. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో ఒక యువతి మీద జరిగిన అత్యాచార ఘోరం తర్వాత, ఆడవాళ్ళు ఆత్మరక్షణ కోసం హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోదగ్గ తుపాకీ అని కాన్పూర్‌లోని ప్రభుత్వ కర్మాగారం తయారుచేసింది. .32 బోరు, ఆరు తూటాలు, బరువు అర కిలో. ధర అప్పట్లో లక్షా ఇరవై రెండు వేల పైచిలుకు. నగల పెట్టె లాంటి ముదురు ఎరుపు పెట్టెలో పెట్టి అమ్మారు. ఆ పెట్టె ఫొటో పేపర్లో చూసినప్పుడు నా మనసు కలుక్కుమంది. తయారుచేసినవాళ్ళ ఉద్దేశాన్ని నేను తప్పు పట్టను. కానీ తేలిగ్గా ఉంటే ఆడవాళ్ళకు సుఖం అనుకోవడం తుపాకీ సంగతి ఎరగని మాట. ఆ రకం రివాల్వర్లలో సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగకుండా నేరుగా కాలిస్తే, ట్రిగ్గర్ మీద నాలుగైదు కిలోల ఒత్తిడి పెట్టాలి. అర కిలో వస్తువు మీద దానికి ఎనిమిది, పదింతల బరువు వేలితో లాగుతున్నారన్నమాట. ఆ వస్తువు కదలకుండా ఎలా ఉంటుంది? తుపాకీ ఎంత తేలికయితే గురి అంత కష్టం, పేలినప్పుడు చేతికి తగిలే దెబ్బ కూడా అంత ఎక్కువ. భయపడే మనిషికి, నేర్చుకునే తీరిక లేని మనిషికి మనం ఇచ్చేది అన్నిటికన్నా కష్టమైన ఆయుధం. ఆ పెట్టెతో పాటు వంద గంటల శిక్షణ ఉచితంగా ఇస్తామని ఎవరైనా ప్రకటించి ఉంటే నేను మొదటి దండం పెట్టేవాణ్ణి.

మా మేనల్లుడికి నేను చెప్పిన కథ మాత్రం అమెరికాదే. తుపాకీ మంచిదా, చెయ్యి మంచిదా అనే ఈ వాదనకు అసలు పుట్టిల్లు అక్కడే. 1986 ఏప్రిల్ 11, శుక్రవారం. ఫ్లోరిడాలో మయామీ నగరానికి దక్షిణాన, ఉదయం తొమ్మిదిన్నర వేళ. బ్యాంకులూ, డబ్బు తీసుకెళ్ళే బళ్ళూ దోచుకుంటున్న ఇద్దరు మనుషుల కోసం ఎఫ్‌బీఐ వాళ్ళు గాలిస్తున్నారు. మైకేల్ ప్లాట్, విలియం మాటిక్స్. ఇద్దరూ ఒకప్పుడు సైన్యంలో పనిచేసినవాళ్ళే. వాళ్ళ కారు కనిపించింది. ఏజెంట్లు తమ కార్లతో గుద్ది ఆపారు. ఎనిమిది మంది ఏజెంట్లు, ఇద్దరు దొంగలు. నాలుగైదు నిమిషాల పాటు దాదాపు నూట నలభై అయిదు తూటాలు పేలాయి. అయ్యేసరికి దొంగలిద్దరూ చచ్చారు. జెరీ డవ్, బెంజమిన్ గ్రోగన్ అనే ఏజెంట్లు ప్రాణాలు వదిలారు, ఇంకో అయిదుగురు గాయపడ్డారు.

ఆ కొద్ది నిమిషాలను ప్రపంచంలో పోలీసు శిక్షణ ఇచ్చే ప్రతివాడూ చదివాడు, నేనూ చదివాను. ఎన్నిసార్లు చదివినా నాకు గుండె పట్టేసినట్టు ఉంటుంది. డవ్ కాల్చిన ఒక 9 ఎంఎం తూటా ప్లాట్ కుడిచేతిలోంచి దూసుకుపోయి ఛాతీలోకి దిగి, ఊపిరితిత్తిని చీల్చి, గుండెకు అంగుళం దూరంలో ఆగిపోయింది. అది బతికి బట్టకట్టే గాయం కాదు. కానీ చావడానికి ముందు ప్లాట్‌కు ఇంకా కొన్ని నిమిషాలు మిగిలాయి, చేతిలో మినీ-14 రైఫిల్ ఉంది. ఆ నిమిషాల్లోనే ఆ ఇద్దరు ఏజెంట్లనూ చంపాడు.

ఎఫ్‌బీఐ సంస్థ మొత్తం ఆ అంగుళం మీద పడింది. తూటా ఇంకొంచెం లోపలికి పోయి ఉంటే మనవాళ్ళు బతికేవాళ్ళు కదా అన్నారు. ఆ మాటలో నిజం ఉంది, ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఇక్కడ అనలేం, ఆ రోజు ఆడినవాళ్ళు ప్రాణాలొడ్డి ఆడారు. 9 ఎంఎం వద్దన్నారు, 10 ఎంఎం తెచ్చారు. అది పేలితే చెయ్యి ఎగిరిపోతోంది, చాలామంది ఏజెంట్లు దాన్ని అదుపు చెయ్యలేకపోయారు. దాన్ని తగ్గించి .40 వచ్చింది, 1990లో. తొంభైల చివరికి సంస్థ దానికి మారింది. ఏళ్ళ తరబడి అదే నడిచింది. 2014లో అదే సంస్థ శిక్షణ విభాగం మళ్ళీ లెక్కలు తీసి, 9 ఎంఎంకే తిరిగి రావాలని తేల్చింది. ఈ మధ్యలో తూటాల తయారీ బాగుపడ్డ మాట నిజమే. కానీ వాళ్ళు చెప్పిన రెండో కారణమే నాకు ముఖ్యం. అసలు కాల్పుల్లో పోలీసులు కాల్చే తూటాల్లో నూటికి డెబ్బై నుంచి ఎనభై దాకా గురి తప్పుతున్నాయి, ఏజెంట్లలో ఎక్కువమంది 9 ఎంఎంతోనే వేగంగా కాలుస్తున్నారు, సరిగ్గా కొడుతున్నారు. కాబట్టి అదే కావాలి అన్నారు. దాదాపు ముప్పై సంవత్సరాలు తూటా వెంట పరిగెత్తి, చివరికి చేతి దగ్గరకు వచ్చి ఆగారు.

ఆ శుక్రవారం జరిగిన మిగతావి కూడా వినండి. కార్లు గుద్దుకుంటాయని తెలిసి కొందరు ఏజెంట్లు రివాల్వర్ తీసి చేతికి అందేలా పెట్టుకున్నారు. గుద్దుకున్న ఊపుకి ఇద్దరి రివాల్వర్లు ఎటో ఎగిరిపోయాయి. ఒకతను చీలమండకు కట్టుకున్న చిన్న తుపాకీతో పోరాడాల్సి వచ్చింది. ఇంకొకతనికి చేతికి తూటా తగిలి, ఖాళీ అయిన రివాల్వర్‌లో తూటాలు నింపుకోలేకపోయాడు. వీటిలో ఏదీ తూటా కొలత సంగతి కాదు. తుపాకీని ఒర నుంచి ఎప్పుడు తియ్యాలి, ఒంటి చేత్తో ఎలా నింపాలి, ఇవన్నీ అలవాటుకు సంబంధించినవి.

ఎడ్మండో మిరలేస్ అనే ఏజెంట్‌కు మొదట్లోనే ఎడమ ముంజేయి ఛిద్రమైపోయింది. రక్తం కారుతుండగా నేలమీద పడి, షాట్‌గన్‌ను ఒంటి చేత్తో కాళ్ళ మధ్య ఇరికించి, పంపు లాగి, అయిదుసార్లు కాల్చాడు. అది ఖాళీ అయ్యాక లేచి, రివాల్వర్ తీసుకుని, తప్పించుకోవడానికి కారులో కూర్చున్న ఆ ఇద్దరి వైపు నడుచుకుంటూ వెళ్ళాడు. ఆరు తూటాలు కాల్చాడు, అయిదు తగిలాయి. కాల్పులు అక్కడితో ఆగాయి. ఎఫ్‌బీఐ శౌర్య పతకం అందుకున్న మొదటి మనిషి ఆయనే. ఒక చెయ్యి పనిచెయ్యకుండా, రక్తం పోతూ, చావు ఎదురుగా ఉండగా ఆరింటికి అయిదు! ఆయన చేతిలో ఆ రోజు ఏ తుపాకీ ఉండాలని మీరు అడుగుతారు?

మిరలేస్ లాంటివాళ్ళు అరుదు. మామూలు సంగతి న్యూయార్క్ పోలీసుల లెక్కలో కనిపిస్తుంది. 1998 నుంచి 2006 దాకా జరిగిన కాల్పుల మీద ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 2008లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఎదుటివాడు కూడా కాలుస్తున్నప్పుడు పోలీసుల తూటాల్లో లక్ష్యాన్ని తాకినవి నూటికి పద్దెనిమిది. ఎదుటివాడు కాల్చనప్పుడు ముప్పై. వీళ్ళందరూ శిక్షణ పొందినవాళ్ళే, ఏడాదికి ఒకటికి రెండుసార్లు రేంజిలో కాల్చి పాసైనవాళ్ళే. తప్పిపోయిన ఎనభై రెండు ఎక్కడికి వెళ్ళాయి? గోడల్లోకి, కార్లలోకి, ఒక్కోసారి దారినపోయే వాళ్ళ ఒంట్లోకి. ఈ అంకె చెప్పినప్పుడు ఫోన్లో మా మేనల్లుడు చాలాసేపు మాట్లాడలేదు. వాళ్ళ కౌంటర్‌కు ఎదురుగా గాజు తలుపు, తలుపు అవతల పెట్రోలు కొట్టించుకునేవాళ్ళు. నేను ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది.

అంటే తుపాకీ ఏదైనా ఒకటే అని నేను అనను. అనడం అబద్ధం అవుతుంది. మీ అరచేతికి పట్టు కుదరాలి, చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీద సాఫీగా పడాలి. పెద్ద చెయ్యికి చిన్న పిస్టల్, చిన్న చెయ్యికి పెద్ద పిస్టల్, రెండూ ఇబ్బందే. అన్నిటికన్నా ముఖ్యం, నొక్కినప్పుడల్లా పేలాలి, నొక్కకుండా పేలకూడదు. పేరున్న కంపెనీల పిస్టళ్ళు చాలావరకు ఇప్పుడు ఈ రెండూ చేస్తాయి. అక్కడి దాకా ఎంపిక పనికొస్తుంది. ఆ తర్వాత తుపాకీ మారుస్తూ పోవడం, మందు మానేసి డాక్టర్లను మారుస్తూ తిరగడం లాంటిది.

ఈ చేతి సంగతికి మన ఊరి ఉదాహరణ ఒకటి ఉంది. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్. పదమూడేళ్ళ వయసులో, 2018లో, జాతీయ పోటీల్లో తనకంటే ఎంతో పేరున్న షూటర్లను దాటి పిస్టల్ విభాగంలో విజేత అయింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ జట్టుతో బంగారు పతకం, విడిగా వెండి పతకం. ఆమె ఆడే ఇంకో పోటీ, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో, పది మార్కులు వచ్చే నడిమి వలయం అడ్డంగా కొలిస్తే పదకొండున్నర మిల్లీమీటర్లు. మన చిటికెన వేలి గోరు వెడల్పు. ఒంటి చేత్తో, దాదాపు కిలో బరువున్న పిస్టల్ ఎత్తి, పది మీటర్ల దూరం నుంచి ఆ గోరును తాకాలి. ఆ స్థాయి వాళ్ళు తూటా లేకుండా, ఖాళీ పిస్టల్‌తో గోడవైపు చూస్తూ ట్రిగ్గర్ నొక్కడం రోజుకు గంటల తరబడి చేస్తారు. చూసేవాళ్ళకు విసుగు. ఆ విసుగులోనే విద్య ఉంది.

అయితే ఆటకూ ఆత్మరక్షణకూ ఒక తేడా ఉంది. ఆటలో లక్ష్యం నిలబడి ఉంటుంది, మీ మీదకు రాదు. అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ పోలీసు విభాగంలో డెన్నిస్ ట్యూలర్ అనే శిక్షకుడు 1983లో ఒక పరీక్ష గురించి రాశాడు. కత్తి పట్టుకున్న మామూలు మనిషి ఇరవై ఒక్క అడుగులు పరిగెత్తి మీదపడటానికి పట్టే సమయం ఒకటిన్నర సెకను. చెయ్యి తిరిగిన పోలీసు ఒరలోంచి పిస్టల్ తీసి ఒక తూటా తగిలేలా కాల్చడానికి కూడా దాదాపు అంతే పడుతుంది. ఇరవై ఒక్క అడుగులంటే మన ఇంటి వీధి గుమ్మం నుంచి వంటింటి దాకా. ఒకటిన్నర సెకనంటే, "ఎవరూ?" అని అడిగేంతసేపు. అంత దగ్గరకు రానిచ్చాక గ్లాక్ అయినా సిగ్ అయినా ఒరలోనే ఉండిపోతుంది.

అందుకని నేను నేర్పేటప్పుడు మొదటి విద్య గురిపెట్టడం అనను. కళ్ళు తెరిచి ఉండటం అంటాను. తలుపు దగ్గర నిలబడ్డవాడి చేతులు ఎక్కడున్నాయి, బయట ఆగిన కారు ఇంజను ఆడుతూనే ఉందా, మనం వెనక్కి తప్పుకోవడానికి దారి ఉందా. ఇవి చూడటం అలవాటైన మనిషికి నూటికి తొంభై సార్లు తుపాకీతో పని పడదు. ఇది నా అనుభవంతో అంటున్న మాట, లెక్క తీసి చెప్పింది కాదు. మా మేనల్లుడితో ఇంకో మాట కూడా అన్నాను. గల్లాపెట్టెలో డబ్బు అడిగితే ఇచ్చెయ్యి. టెక్సాస్ చట్టం కొన్ని పరిస్థితుల్లో ఆస్తి కోసం కూడా ప్రాణాంతకంగా ఎదుర్కోనిస్తుంది, చాలా రాష్ట్రాలు అంత దూరం వెళ్ళవు. చట్టం ఒప్పుకున్నా సరే, మూడు వందల డాలర్ల కోసం ఒక మనిషి ప్రాణం తీసి, లేదా నీ ప్రాణం ఇచ్చి, మీ అమ్మ ముందు ఎలా నిలబడతావు? తుపాకీ తీసేది నీ ప్రాణానికో, నీ పక్కనున్నవాడి ప్రాణానికో తప్పించుకోలేని ముప్పు వచ్చినప్పుడే. ఆ గీత ఎక్కడుందో ముందే, తీరిగ్గా ఉన్నప్పుడే గీసుకోవాలి. గుండె దడదడ కొట్టుకుంటుంటే గీత గియ్యలేం. భయంలో చూపు ఇరుకైపోతుంది, చెవులు వినపడవు, వేళ్ళు మొద్దుబారతాయి. ఎంత నేర్చినవాడికైనా ఇంతే.

మన చట్టం కూడా ఈ గీత గురించే మాట్లాడుతుంది. ప్రాణరక్షణ కోసం ఎదుర్కొనే హక్కు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లలో ఉంది, పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106. అవసరానికి మించి హాని చెయ్యకూడదు, పోలీసుల సాయం కోరే వ్యవధి ఉంటే ఆ హక్కు లేదు. ప్రమాదంలో ఉన్నవాడు దెబ్బను త్రాసులో తూచి కొట్టాలని ఆశించకూడదని మన న్యాయస్థానాలే దయగా చెప్పాయి. కానీ పరిగెత్తిపోతున్నవాడి వీపు మీద కాల్చినవాణ్ణి న్యాయస్థానం కాపాడుతుందని నమ్మడానికి లేదు.

మన దగ్గర లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్ళ పరిస్థితి కూడా చెప్పాలి. 2016 ఆయుధ నియమాలు వచ్చాక లైసెన్సు కోరేవాళ్ళు ఆయుధ భద్రత శిక్షణ పొందాలన్నారు. మంచి నియమం. కానీ లైసెన్సు వచ్చాక ఆ తుపాకీ ఎక్కడుంటుంది? బీరువాలో, పట్టుచీరల కింద. ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషన్‌లో డిపాజిట్ చెయ్యడానికి బయటకు వస్తుంది, కోడ్ అయిపోయాక మళ్ళీ బీరువాలోకి పోతుంది. ఒకసారి ఒక పెద్దమనిషి నా దగ్గరకు రివాల్వర్ తెచ్చి చూడమన్నాడు. సిలిండర్ తిరగడం లేదు. తోలు ఒరలో ఏళ్ళ తరబడి ఉంచేసరికి తూటాల ఇత్తడి పచ్చగా కిలుము పట్టి లోపలే అతుక్కుపోయింది. ఇరవై సంవత్సరాలుగా దిండు పక్కన అది ఉందన్న ధీమాతో పడుకుంటున్నాడాయన. ఆ ధీమా చూస్తే నాకు భయం వేసింది. టెక్సాస్‌లోనైతే శిక్షణ అడిగే నియమమే సడలింది. ఒంటిమీద పిస్టల్ పెట్టుకుని తిరగాలంటే ఒకప్పుడు లైసెన్సు తీసుకోవాలి, మూడు, ఏడు, పదిహేను గజాల దూరం నుంచి యాభై రౌండ్లు కాల్చి, నూటికి డెబ్బై మార్కులు తెచ్చుకోవాలి. 2021 సెప్టెంబరు 1 నుంచి ఇరవై ఒక్కేళ్ళు నిండి, చట్టపరంగా అనర్హత లేనివాళ్ళకు ఆ లైసెన్సు తప్పనిసరి కాదు. పరీక్ష ఇప్పటికీ ఉంది, కావాలంటే రాయొచ్చు. "నువ్వు రాయాలి" అన్నాను వాడితో. చట్టం అడగకపోయినా మావయ్య అడుగుతున్నాడన్నాను.

ఇంకో విద్య ఉంది, అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా పెద్దది. నా సర్వీసులో నేను మరిచిపోలేని రోజు ఒకటుంది. డ్యూటీ దిగి ఆయుధం అప్పజెప్పడానికి ఒక సీనియర్ వచ్చాడు. రేంజిలో మంచి గురి ఉన్నవాడు, కప్పులు గెలిచినవాడు. ఎవరితోనో మాట్లాడుతూ స్లైడ్, అంటే పిస్టల్ పై భాగం, వెనక్కి లాగాడు, ఛాంబర్‌లో తూటా బయటపడింది. ఆ తర్వాత మ్యాగజైన్ తీశాడు. వరస తప్పింది. ముందు మ్యాగజైన్ తీసి, తర్వాత స్లైడ్ లాగాలి. ఆయన ముందు స్లైడ్ లాగేసరికి మ్యాగజైన్‌లోంచి ఇంకో తూటా ఛాంబర్‌లోకి ఎక్కి కూర్చుంది. ఖాళీ అనుకుని ట్రిగ్గర్ నొక్కాడు. ఇసుక బస్తా వైపు పెట్టి నొక్కాడు కాబట్టి ఆ గదిలో ఉన్న మేం నలుగురం ఇళ్ళకు వెళ్ళాం. ఆ చప్పుడు చిన్న గదిలో ఎలా ఉంటుందో చెప్పలేను. ఆయన అలా నిలబడిపోయి, చేతిలో పిస్టల్ వైపు చూస్తూ, ఒక్క మాట కూడా అనలేకపోయాడు. ఆయన్ని కాపాడింది గురి కాదు, ఎప్పుడూ ఇసుక వైపే తిప్పి పట్టుకునే అలవాటు.

ఇళ్ళల్లో ఇసుక బస్తాలు ఉండవు. పిల్లలుంటారు. మనసు బాగోలేని రోజులుంటాయి. అమెరికాలో ఏటా తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. దొంగ కోసం కొన్న తుపాకీ ఇంట్లో మనిషి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. అందుకే కొనేవాణ్ణి నేను మొదట అడిగేది, తాళం ఎక్కడ, ఆ తాళంచెవి ఎవరి దగ్గర, ఇంట్లో ఎవరు ఎలా ఉన్నారు అని.

ఈ ప్రశ్న మా మేనల్లుడికి తట్టలేదు, వాడి భార్యకు తట్టింది. నెల తర్వాత ఫోన్ ఆమే చేసింది. "మావయ్యగారూ, బాబుకు అయిదేళ్ళు. వేలిముద్రతో తెరుచుకునే పెట్టె కొందామంటున్నారు, బ్యాటరీ అయిపోతే ఎలా? పెట్టె గోడకు బిగించాలా, కప్‌బోర్డులో పెట్టాలా?" అని అడిగింది. చాలాసేపు మాట్లాడుకున్నాం. కొట్లో ఏం చేశారో కూడా ఆమే చెప్పింది. కౌంటర్ కింద నోట్లు లోపలికి వేసే ఇనప్పెట్టె పెట్టించారట, గల్లాలో వంద డాలర్లు దాటనివ్వడం లేదట. పంపుల దగ్గర లైట్లు మార్చారు. రాత్రి తొమ్మిది తర్వాత ఇద్దరు ఉండేలా మనిషిని పెట్టారు. తనూ ఆయనతో పాటు శనివారాలు రేంజికి వెళ్తోందట, తన చేతికి ఆ చిన్న సిగ్ పిస్టల్ కుదరలేదని, ఇద్దరికీ కుదిరేది గ్లాక్ 19 అని తేలిందని చెప్పింది.

తర్వాత వాడు ఫోన్ తీసుకున్నాడు. రూపాయి బిళ్ళ దొరక్క అక్కడి పావలా, క్వార్టర్ అంటారు, అది పెట్టి సాధన చేస్తున్నాడట. తూటాలు వేరే గదిలో తాళంలో ఉన్నాయా అని అడిగాను. ఉన్నాయన్నాడు. ఛాంబర్ చూశావా అన్నాను. చూశాను, తనూ చూసింది అన్నాడు. సరే, ఫోన్ టేబుల్ మీద పెట్టి ఒకసారి నొక్కు, వింటాను అన్నాను.

కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత టిక్‌మంది. ఆ వెంటనే టేబుల్ మీద బిళ్ళ పడి గిరగిరా తిరిగిన చప్పుడు.

"మళ్ళీ" అన్నాను.

స్లైడ్ లాగిన చప్పుడు వినిపించింది.